కారే కుండకు ఊరిచ్చిన కంప

నా చిన్నప్పుడు మా ఊరి పంచాయతీ, కారిపోయే కుండలు కాల్చుకోవడానికి ఒక అవ్వకు ఏటా రెండు బండ్ల కంప ఇచ్చేది. ఇది తెలిసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి రాసిపెడుతున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. పోయిన వారం గ్రంథాలయంలో పేపరు చదువుతుంటే, పదార్థాల లోపలి గుణాలను శోధించేవాళ్ళకు ప్రభుత్వం నిధులిస్తోందన్న వార్త కనబడింది. పక్కన కూర్చున్న రైతు, "ఆ దుడ్లతో ఈడ నాలుగు బోర్లన్నా వేయించొచ్చు కదమ్మా, దాంతో ఎవరికేమొస్తాది?" అన్నాడు. ఐదో తరగతితో బడి మానినా, ఆ గ్రంథాలయంలో బీరువాల కొద్దీ చదివినదాన్ని. అతనికి నా జవాబు ఈ కాగితాల్లోనే ఉంది.

ఆ అవ్వ ఇల్లు మా ఇంటికి ఎదురుగానే. కుండలు కాల్చే ఆవంలో ఒక మూల ఎప్పుడూ అమ్మకానికి కానివి పెట్టేది. మట్టిలో ఒకసారి బూడిద, ఒకసారి దంచిన వేరుశనగ పొట్టు కలిపి, కాలాక ఏమవుతుందో చూసేది. చాలావరకు పగిలేవి, లేదా కారేవి. మట్టి ఎన్ని చేటలో అన్ని నిలువు గీతలు, కలిపింది ఎన్ని దోసిళ్ళో అన్ని అడ్డగీతలు కుండ పచ్చిగా ఉన్నప్పుడే గీసేది. కుండ పోయినా గీతలున్న పెంకును మాత్రం ఇంటి వెనక గోడ కింద పేర్చి ఉంచేది.

పంచాయతీ ప్రెసిడెంటు మా తాతే. ఒకసారి మెంబరొకాయన, "ఏమప్పా, కారే కుండలకు కంప ఇచ్చే ఊరు యాడన్నా ఉండాదా?" అని అందరినీ నవ్వించాడు. తాత నవ్వలేదు. "పనికొచ్చేదని ముందే తెలిస్తే మనమెందుకప్పా ఇచ్చేది? సంతలో అమ్ముకుంటాది. తెలియందానికే ఊరు ఇయ్యాల" అన్నాడు.

వరసగా మూడో ఏడు కూడా వాన రాలేదు. గార్లదిన్నె నుంచి తెచ్చి నాటిన మా నలభై చీనీ, అంటే బత్తాయి మొక్కలు వాడిపోసాగాయి. బావిలో ఊరే కొద్దిపాటి నీళ్ళు మొక్కల మొదళ్ళలో పోస్తే ఎండకే ఇగిరిపోయేవి. అప్పుడు అవ్వ తాత దగ్గరికి వచ్చి, "అన్నా, ముందొకసారి పొట్టు కలిపి ఒక కుండ చేసింటి. చెమట పట్టినట్ల సన్నగా కారేది. అట్లాంటిది మొక్క పక్కన పాతి నీళ్ళు పోస్తే వేళ్ళకే అందుతాది" అంది. పొట్టు ఎక్కువైతే కుండ విరిగిపోతుంది, తక్కువైతే నీరు బయటికి రాదు. కొలత పెంకు మీద ఉంది, తెస్తానని వెళ్ళింది.

పెంకు అక్కడ లేదు. నేను వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడుతున్నాను. అవ్వ వచ్చి నా కాలి ముందున్న బిళ్ళను తీసి చూసింది.

"ఇది యాడ దొరికె పాపా?"

"మీ గోడ కింద."

"దీని మీద అడ్డగీతలు ఉండల్ల కదా?"

"గుండ్రంగా రావాలని బండ మీద అరగదీసినా అవ్వా."

ఆమె బిళ్ళను తిప్పి తిప్పి చూసింది. "గుండ్రంగా బాగానే చేసినావులే. ఆ గీతలెన్నో నాకు గుర్తుంటే గీసేదాన్నా?" అంది. కొట్టలేదు. మా ఇంట్లో చెప్పనూ లేదు. "రా, పొట్టు దంచు" అని రోలు చూపించింది.

మళ్ళీ మొదటినుంచి కొలతలు చూడాల్సి వచ్చింది. మొదటి ఆవంలోవన్నీ విరిగాయి. రెండోసారి నీరు రాలేదు. మూడోసారి కుండలు చెమర్చాయి. మూతి వరకు పాతి నీళ్ళు నింపాం. అప్పటికి నెల దాటింది. నలభైలో పదిహేడు మొక్కలు బతికాయి. ఎండిపోయినవాటిని నాయన పీకి గట్టు మీద వేస్తుంటే నేను చూస్తూ నిలబడ్డాను.

కాలేటప్పుడు పొట్టు మండిపోయి, దాని చోట కంటికి కనబడని రంధ్రాలు మిగులుతాయనీ, నీరు వాటిలోంచే వస్తుందనీ చాలా ఏళ్ళ తరవాత గ్రంథాలయంలో చదివాను. అవ్వకు చెబుదామంటే అప్పటికే ఆమె లేదు.

ఏ విత్తనం ఏ చేలో పండలేదో, ఏ మందు ఏ తెగులుకు పనిచేయలేదో నేను ఈనాటికీ నోటుబుక్కులో రాసుకుంటాను. పనికిరాలేదు కదా, ఎందుకు రాస్తావని ఇంట్లోవాళ్ళు అడుగుతారు. అప్పటినుంచి దాచుకున్న నా బిళ్ళ చూపిస్తాను.

ఈ కాగితాలు ఆ రైతుకు ఇస్తాను. నేనడిగిన పుస్తకమల్లా వెతికిచ్చిన గ్రంథాలయం హేమలతమ్మకు, నా రాతను సాపు చేసిన మనవరాలు భార్గవికి, నవ్వులపాలైనా కంప ఆపని మా తాత ఓబులేసుకు కృతజ్ఞతలు. నేను పాడుచేసిన కొలతను నా చేతనే మళ్ళీ పట్టించిన ఆ అవ్వ పేరు కుళ్ళాయమ్మ.