తెర వెనక చప్పుడు

మా పార్కులో కొత్తగా వేసిన సిమెంటు బెంచీలకు వీపు ఆనించుకునే ఏర్పాటు లేదు. ఒక వయసు దాటాక కూర్చోవడమంటే సగం ఆనుకోవడమేనని వాటిని చేయించినవాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదు. మొన్న అలాంటి బెంచీ మీద ఫోటో దిగేవాడిలా నిటారుగా కూర్చుని ఉంటే, పక్కనున్న అమ్మాయి తన కుక్కపిల్ల నోట్లోంచి బన్నుముక్క లాగేస్తూ, అందులో ఎండుద్రాక్ష ఉందనీ, అది కుక్కల మూత్రపిండాలకు విషమనీ చెప్పింది. ఇన్నేళ్ళకు మా జిమ్మీ కేసు తెమిలింది.

డెబ్బైలలో మేము తిరుచానూరులో ఉండేవాళ్ళం. తిరుపతిలో నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. జిమ్మీ మాది కాదు, కనీసం నాయన లెక్కలో కాదు. వీధిలోంచి వచ్చి మా పెరట్లో స్థిరపడిన ఆ ఎర్రకుక్కను ఆయన పేరు పెట్టి పిలిచేవాడు కాదు, తగిలితే మళ్ళీ స్నానం చేసేవాడు, అయినా మజ్జిగన్నం మాత్రం తనే పెట్టేవాడు, మేము పెడితే ఉప్పు ఎక్కువ వేస్తామని.

ధనుర్మాసంలో అమ్మ వేకువనే చక్కెర పొంగలి వండేది. నెయ్యి దగ్గర చేయి బిగబట్టే మనిషే గానీ ఎండుద్రాక్ష దగ్గర ఎందుకో మహా ధారాళం. గిన్నె దేవుడి ముందు పెట్టి, తెర వేసి, ఇవతల మేమంతా కళ్ళు మూసుకుని కూర్చోవాలి. పెరుమాళ్ళు భోంచేస్తుంటే చూడకూడదు. ఒకరోజు తెర వెనక చప్పుడైంది. ఎవరో తృప్తిగా, ఏ తొందరా లేకుండా తింటున్న చప్పుడు. నాయన చేతిలో గంట ఆగిపోయింది.

"కండ్లు తెరవొద్దండ్రా," అంది అవ్వ, నాయన తల్లి. "వచ్చినాడు."

మేము తెరవలేదు. చదువుకున్నవాడిని గనుక నాకు కాస్త అనుమానం వచ్చింది గానీ, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. దేవుడితో పని ఉంది.

తెర తీస్తే గిన్నె తోమినట్టు మెరుస్తోంది. తెరకు అవతల, తెరిచి ఉన్న పెరటి తలుపు దగ్గర జిమ్మీ మూతి నాక్కుంటోంది.

మధ్యాహ్నానికి దానికి ఒకటే వాంతులు. సాయంత్రానికి పిలిస్తే తోకైనా కదపలేదు. ప్రసాదం ఎవరికీ చెరుపు చేయదని అవ్వ పట్టుబట్టింది. నివేదన పూర్తి కాలేదు కాబట్టి అది ఇంకా ప్రసాదం కాలేదని, వట్టి అన్నమేనని నాయన తేల్చాడు. ఆ విధంగా పెరుమాళ్ళ మీద మాట రాకుండా చేశాక, జట్కా పిలిపించి, తన మడిపంచెలోనే కుక్కను చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. తిరుపతి దాకా ఆయన చేయి దాని చెవుల మీదనే ఉండింది.

"ఏం తినింది సామీ?" అన్నాడు పశువుల డాక్టరు.

"చక్కెర పొంగలి."

"అబ్బా! ఎవురు పెట్టినారు?"

"ఎవురూ పెట్టలా. అదే ఆరగించింది," అన్నాడు నాయన. ఆ మాట పెరుమాళ్ళకు తప్ప ఇంకెవరికీ ఆయన వాడగా నేను వినలేదు.

నెయ్యి పడలేదని చెప్పి డాక్టరు సూది వేసి, సెలైను ఎక్కించాడు. ద్రాక్షను అనుమానించాలని అప్పట్లో పాపం ఆయనకూ తెలియదు. కొన్నాళ్ళు అటూ ఇటూ ఊగిసలాడి, చివరికి జిమ్మీ లేచి మజ్జిగన్నం ముట్టింది. నాయన కళ్ళు తుడుచుకుని, పొగ అన్నాడు. పెరట్లో పొయ్యి లేదు.

ఇప్పుడు కుక్కలకు ఏది పెట్టవచ్చో ఏది కూడదో ఫోనే చెబుతుంది. మంచిదే. మా పూజగదికి తెర పోయి గాజు తలుపులు వచ్చాయి. అవతల ఎవరో తింటున్నారని నమ్మి, అంతసేపు కళ్ళు మూసుకుని కూర్చునే ఓపిక, నాతో సహా ఇంట్లో ఎవరికీ లేదు. ఆ చప్పుడు వింటున్నప్పుడు అవ్వ ముఖం ఎలా ఉండిందో చూడాల్సింది అనిపిస్తుంది. కళ్ళు మూసుకుంటిని.

జిమ్మీ కోలుకున్న మర్నాడు, ఒక చేత పొంగలి గిన్నె, ఒక చేత మజ్జిగన్నం పట్టుకుని, ముందు ఎవరికి పెట్టాలో ఆచారం తేల్చుకోలేక నాయన గడప దగ్గర నిలబడిపోతే, అవ్వ లోపలి నుంచి కేకేసింది:

"ముందు దానికి పెట్టేసి రా పోరా. సామి యాడికీ పోడు, అది పోతాది."