బకెట్లో తలకిందుల మెదడు

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు పిచ్చుకను గరుడపక్షిగా చెప్పే జబ్బుంది. ఇంటికి వంద మంది వస్తున్నారని నేనంటే మా ఆవిడ నాలుగు కప్పుల టీ పెడుతుంది, ఎప్పుడూ తక్కువ పడలేదు. మీరూ అదే లెక్కన చదవండి. ఏది పూర్తిగా కల్పించానో చివర్లో నేనే చెప్తాను.

కరోనా తగ్గి కాలేజీలు మళ్ళీ తెరుచుకున్న ఏడాది అది. నాందేడ్‌లో ఒక మెడికల్ కాలేజీ, అందులో అనాటమీ విభాగం, దానికి చక్రవర్తిని నేను. ఆర్డరు కాగితం మీద మాత్రం టెక్నీషియన్ అని ఉంటుంది. పిల్లలు చదువుకునే శవాలను, ఎముకలను, అవయవాలను పాడవకుండా కాపాడి పాఠం వేళకు బల్ల మీదికి తేవడం నా పని. వాటిని ఫార్మలిన్ అనే మందునీళ్ళలో ఉంచుతాం. ఇరవై ఏళ్ళుగా దాని ఘాటు పీల్చిన మనిషిని కదా, నేను ఉల్లిగడ్డలు కోస్తే ఏడ్చేది ఉల్లిగడ్డలే.

అన్నిటిలోకి మెదడుదే గారాబం. తీసిన కొత్తలో జున్నులా మెత్తగా ఉంటుంది. బకెట్ అడుగున పెడితే తన బరువుకు తానే చదునైపోతుంది. అందుకని దాని అడుగు భాగంలో ఉండే ఒక రక్తనాళం కింద నుంచి దారం దూర్చి, ఆ దారాన్ని బకెట్ మూతికి అడ్డంగా కడతాం. మెదడు ఎక్కడా తగలకుండా తలకిందులుగా ఫార్మలిన్‌లో వేలాడుతూ కొన్ని వారాల్లో గట్టిపడుతుంది. ఈ దారం కట్టడంలో నన్ను మించినవాడు గోదావరికి ఇటు లేడు, అటు లేడు. మధ్యలో పడవ మీద ఎవరైనా ఉంటే చెప్పలేను.

ఆ ఏడాది మొదటి సంవత్సరంలో సునీత అని ఒకమ్మాయి చేరింది. కిన్వట్ అవతల అడవిలో మాండవి వాళ్ళ ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఇప్పుడు మెదడేమో ఇంగ్లీషులో. మనిషి పొట్టి. బల్ల చుట్టూ పిల్లలు మూగితే వెనకాల మునివేళ్ళ మీద నిలబడేది. ఒకరోజు నేను ఫోన్‌లో మా బావమరిదిని తెలుగులో దీవిస్తుంటే వెనక నుంచి పిలిచింది.

"మామా, మీరు తెలుగోళ్ళా?"

మహారాష్ట్రలో నాలాంటి పనివాళ్ళను అందరూ మామా అనే పిలుస్తారు. కానీ ఈ పిలుపులో మన ఇంటి మామ వినిపించాడు.

"మా నాయన రైల్వేల నౌకరికి నిజామాబాద్ కెల్లి ఇటు అచ్చిండు. ఏంది బిడ్డా?"

"మెదడు ఒక్కసారన్న సక్కగ చూడాలె మామా. బల్ల కాడ అందరి మోచేతులే కనవడ్తున్నయ్."

నా గుండె ఫార్మలిన్‌లో వేసినా గట్టిపడే రకం కాదు. మా ప్రొఫెసర్ సార్‌ను అడిగి, బకెట్లు ఉండే వెనక గది తెరిచాను. బకెట్ ముందు స్టూలు వేశాను. మూడు నెలలు, క్లాసు అయిపోగానే, ఆ పిల్ల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని బకెట్‌లోకి చూస్తూ చదివింది. ఈమె యూనివర్సిటీ ఫస్టు, సన్మాన సభలో నాకు ముఖ్య అతిథి కుర్చీ ఖాయం అనుకున్నాను.

అనాటమీలో ఫెయిలైంది.

ఫలితాలు వచ్చిన రోజు స్టూలు మీద కూర్చుంది గానీ పుస్తకం తెరవలేదు.

"వైవాల సార్ మెదడు ట్రేల పెట్టి ఎడమ దిక్కు చూపెట్టుమన్నడు," అంది. వైవా అంటే ఎదుట కూర్చోబెట్టి నోటితో అడిగే పరీక్ష. "నేను కుడి చూపెట్టిన. ఇట్ల ఆపరేషన్ చేస్తే పేషెంట్ ఏమైతడన్నడు."

"మూడు నెలలు చూస్తివి గద బిడ్డా. ఎట్ల తప్పినవ్?"

"బకెట్ల చూసిన మామా. బకెట్ల అది తలకిందుల ఉన్నది."

నేను వంగి బకెట్‌లోకి చూశాను. ఒక వస్తువును కింది వైపు నుంచి చూస్తే దాని ఎడమ మన కుడి చేతి దిక్కున కనబడుతుంది. ఇరవై ఏళ్ళుగా మెదళ్ళను తలకిందులుగా వేలాడదీస్తున్నవాణ్ణి, అది తలకిందులుగా ఉందని చెప్పడం మరిచాను. నాకది వంటింట్లో గరిటె వేలాడినంత మామూలు. ఆమెకు మెదడంటే అదే.

"ఇంకోటి గూడ తప్పిన," అంది. "ఒక నరాల కణం ఇంకో కణంతోటి ఎట్ల మాట్లాడ్తదన్నడు. వైరుకు వైరు చుట్టినట్టు ఉంటది, కరెంటు పోతది అన్న. సార్ నవ్విండు."

"ఇప్పుడేంది మరి?"

"సప్లిమెంటరీ ఉన్నది. అండ్ల పోతే ఏడాది పాయె. బాపు ఇప్పటికే అంటున్నడు, సాలు తీ, ఇంటికి రా అని."

మర్నాడే బకెట్‌కు సెలవిచ్చాను. గట్టిపడిన మెదడును కడిగి, గ్లవ్స్ వేయించి, ఆమె చేతుల్లోనే పెట్టాను. "కండ్లు మూస్కో. ఎనక చిన్న మెదడు ఉంటది, సన్నగ గీతలు గీతలు తాకుతది. అది నీ దిక్కు తిప్పు. తోక లెక్క ఉన్నది కిందికి రావాలె. అప్పుడు నీ ఎడమే దాని ఎడమ." లక్షసార్లు తిప్పించాను. రోజుకు నలభై అనుకోండి. చివరికి తన జడ ఎటుందో తెలిసినట్టు ఆమెకు మెదడు తెలిసిపోయింది.

ఇక కణాల మాట. దీనికి నేను మా నాన్న కథను సాయానికి పిలిచాను. పాత రోజుల్లో ముద్ఖేడ్ దగ్గర ఒంటి లైను మీద మా నాన్న టోకెన్ రింగు మోసేవాడు. ఒకే పట్టాల మీద రెండు బళ్ళు ఎదురుపడకుండా, ఆ రింగు చేతికొస్తేనే డ్రైవర్ బండి కదిలించాలి. మా నాన్న పరిగెత్తే రైలుకు రింగు అందిస్తుంటే ఇంజను సిగ్గుపడి నెమ్మదించేదట. ఆ కథంతా చెప్పి, కణాల మధ్య జరిగేదీ ఇదే అన్నాను.

"రింగు చేతుల పట్టుకోరు మామా, భుజానికి ఏసుకుంటరు," అని సునీత సరిదిద్దింది.

సప్లిమెంటరీ రోజు ట్రేలు అందించే పని నాదే. బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడి మీసాల్లో ఒక కొన పర్భణి ఊరి వైపు, ఇంకొకటి హింగోలి వైపు చూస్తోంది. నేను మెదడును బుద్ధిగా నిలబెట్టి ఇచ్చాను. ఆయన దాన్ని ఒక్క తిప్పు తిప్పి, తలకిందులుగా పెట్టి ముందుకు తోశాడు.

"ఎడమ వైపు చూపించు."

సునీత దాన్ని రెండు చేతులతో ఎత్తింది. కళ్ళు మూసింది. చిన్న మెదడు తన వైపు తిరిగింది, తోక కిందికి దిగింది.

"ఇది, సార్."

"ఇక్కడ రక్తం ఆగితే ఏ చెయ్యి పడిపోతుంది?"

"కుడి చెయ్యి. ఎడమ మెదడు నడిపేది కుడి వైపునే, సార్."

"సరే. ఒక కణం మాట ఇంకో కణానికి ఎలా చేరుతుంది?"

ఆమె ఇంగ్లీషులో చెప్పింది, నేను మన మాటలో రాస్తున్నాను. "సార్, ఒంటి లైను స్టేషన్లో కబురు తీగ మీద వస్తుంది. తీగ అక్కడితో ఆగుతుంది. మనిషి రింగు మోసుకెళ్ళి చేతికిస్తేనే డ్రైవర్ బండి కదిలిస్తాడు. కణంలో కూడా కరెంటు చివరిదాకా వస్తుంది. ఆ తర్వాత ఖాళీ జాగా, దాన్ని సినాప్స్ అంటాం. అక్కడ ఒక రసాయనం విడుదలై, ఖాళీ దాటి, అవతలి కణంలో తనకు సరిపోయే చోట కూర్చుంటుంది. అక్కడి నుంచి మళ్ళీ కరెంటు."

ఆయన మీసం దువ్వుకున్నాడు. "రింగు వాపసు రాకపోతే?"

ఇది పుస్తకంలో లేదు, నా పాఠంలోనూ లేదు.

"లైను ఖాళీ కాదు సార్. ఇంకో బండి కదలదు. అందుకే ఆ రసాయనాన్ని అక్కడే ముక్కలన్నా చేయాలి, వెనక్కన్నా లాక్కోవాలి. అప్పుడే తర్వాతి కబురు."

పరీక్షకుడు లేచి నిలబడి సెల్యూట్ చేశాడు. జాడీల్లోని మెదళ్ళన్నీ చప్పట్లు కొట్టాయి. అంటే, ఆయన "బరోబర్, సరిగ్గా చెప్పావు" అని మార్కులు వేశాడు.

సునీత పాసైంది. వాళ్ళ బాపు బస్సులో వచ్చి, నా చెయ్యి పట్టుకుని, "సారూ, పిల్ల ఇగ ఈడనే ఉంటది," అన్నాడు. ఇరవై ఏళ్ళలో నన్ను సారూ అన్నది ఆయనొక్కడే, ఇందులో అతిశయోక్తి లేదు.

ఇప్పుడు మా వెనక గదిలో ప్రతి బకెట్ మీదా మూడు భాషల్లో అట్ట కట్టి ఉంటుంది: ఇది తలకిందులుగా ఉంది. మనకు అలవాటైపోయిన వస్తువును కొత్తవాళ్ళకు చూపేటప్పుడు, అది ఎటు నిలబడిందో ముందు చెప్పాలి. ఈ పిల్ల వల్ల నేను నేర్చుకున్నది అదే.

ఇక కల్పించిన భాగం. మా నాన్న ఎప్పుడూ రింగు మొయ్యలేదు. రైల్వే ఆఫీసులో గుమాస్తా, కుర్చీ దిగితే నడుం నొప్పి అనేవాడు. రింగు మోసింది సునీత తాత, కిన్వట్ లైను మీద. ఆ రోజు కథ చెప్పిందీ, కణాలతో దాన్ని కలిపిందీ ఆ పిల్లే. నేను గోడకు ఆనుకుని నోరు తెరుచుకుని విన్నాను. అప్పటి నుంచి ఊరంతా అది నా పాఠమని చెప్పుకుంటున్నాను. టోకెన్ వాపసు ఇవ్వకపోతే లైను ఖాళీ కాదు కదా. ఇదిగో బిడ్డా, ఇచ్చేశాను.