నాలుగు సాళ్ల టేపు

“తిప్పి పెట్టొద్దని నీకు చెప్పినానా లేదా?”

“చెప్పలే. ఆ మిషనుకే చెప్పింటావు. పొద్దస్తమానం దానితోనే కదా నీ మాటలు.”

“నాలుగు తూర్లు చెప్పినా. ఈ క్యాసెట్టుకు రెండో వైపు లేదే అని.”

“రెండో వైపు లేని క్యాసెట్టు యాడన్నా ఉంటాదా? దోసెకే ఉంటాది రెండో వైపు!”

“దోసె కాదే తల్లీ అది. మీ అక్క గొంతు. దాని మీద నువ్వు కోతుల్ని తోలినావు.”

తప్పు నాదైనప్పుడు గొంతు పెంచడం నాకు అలవాటు. పెంచాను. ఆయన తలకాయ మిషను మీదికి వంచి, వినబడనట్టు స్క్రూడ్రైవరు తిప్పుతూ కూర్చున్నాడు.

అది బేతంచెర్లలో మా ఇంటి వసారా, దీపం పెట్టే వేళ. తెల్లవారితే మా మనవరాలి పెళ్లికి పసుపు దంచాలి. దంచేటప్పుడు వినిపించడానికని మేము ముగ్గురు అక్కచెల్లెళ్లం పాడిన పాటను మా ఆయన ఒకసారి సరిచూద్దామని పెట్టాడు. మొదట బాగానే వచ్చింది. రెండు చరణాలు అయ్యాక మా అక్క గొంతు ఉన్నట్టుండి మాయమై, ఆ చోట ఎవరో నాలుక మడతపడిన ఆడమనిషి ఏ దేశపు భాషలోనో శాపనార్థాలు పెడుతున్నట్టు వినబడింది. ఆ ఆడమనిషిని నేనే. వెనక నుంచి ముందుకు వినబడినా నా తిట్లు నాకు తెలియవా?

మా అక్కకు ఇప్పుడు మాట లేదు. పాట పాడిన నెలకే పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ మాటా రెండూ పడిపోయాయి. పొద్దున్నే మైదుకూరు నుంచి వస్తోంది. మనవరాలిని దీవించడానికి ఎంత వస్తోందో, తన గొంతు తాను వినడానికీ అంతే వస్తోంది. ఆ గొంతు ఈ క్యాసెట్టులో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు. దాని మీద నేను కోతులను తోలాను.

ఎట్లా తోలానో చెప్పాలంటే మిషను సంగతి చెప్పాలి.

మా ఆయన కర్నూలులో రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే కొట్టు నడిపాడు. టేపులు పోయాయి, కొట్టు పోయింది, ఆయన చేతుల దురద మాత్రం పోలేదు. కడపలో పాటలు రికార్డు చేసే సాయిబు ఒకాయన గది ఖాళీ చేస్తూ, “అన్నా, నాలుగు ట్రాకుల మిషను ఒకటి మూలన పడుండాది, బాగు చేసుకుంటావా?” అన్నాడట. చేసుకోనని ఈయన నోట ఎట్లా వస్తుంది? పసిబిడ్డను తెచ్చినట్టు తువాలలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చాడు. నన్ను పుట్టింటి నుంచి తెచ్చేటప్పుడు ఎద్దులబండి వెనక కూర్చోబెట్టిన మనిషి.

మూత విప్పితే లోపలి బెల్టు కరిగి తారులా జిగురుగా అతుక్కొని ఉంది. వారం రోజులు స్పిరిటుతో తుడిచాడు. తుడవడానికి గుడ్డలు నేనే ఇచ్చాను, ఇంకేమీ చేసుకోలేని గుడ్డలు. ఉతికి తిరిగి ఇమ్మన్నానని ఊరంతా చెప్పుకున్నాడు. మీటలు జరిపితే వేరుశనక్కాయలు వేయించినట్టు చిటపటలాడేవి. మా ఊళ్లో నాపరాళ్లు కోసే దుమ్ము అన్నంలోనే పడుతుంది, మిషనులో పడదా? అందుకని దానికి నా మంచి దుప్పటి కప్పాడు. చలికాలం దుప్పటి మిషను కప్పుకుంది, నేను చీర కొంగు కప్పుకున్నాను.

కొత్త బెల్టు ఎందుకు, సైకిలు ట్యూబు ఉంది కదా అని నేనే కత్తిరించి ఇచ్చాను. దాంతో నా గొంతు రికార్డు చేసి వినిపించాడు. మేక బావిలో పడి అరిచినట్టు ఉంది. “బెల్టు తప్పే, నీ గొంతు తప్పు కాదులే” అన్నాడు గానీ, ఆయన ముఖంలో నవ్వు దాగలేదు. తర్వాత కర్నూలు పోయి అసలైన బెల్టే తెచ్చుకున్నాడు.

మూడో తరగతి దాకా చదివిన నాకు ఆ మిషను అర్థమయ్యేట్టు ఆయన ఒకసారి చెప్పాడు. టేపు అంటే సన్నటి చేను. అందులో నాలుగు సాళ్లు. ఒక్కో సాలులో ఒక్కొక్కరి గొంతు విత్తుకోవచ్చు. ఈరోజు ఒకరు, వచ్చే వారం ఒకరు. తర్వాత నాలుగూ కలిపి వింటే అందరూ ఒకచోట కూర్చొని పాడినట్టే ఉంటుంది.

ఆ మాట వినగానే నాకు మా అక్కా చెల్లెలూ గుర్తొచ్చారు.

మా పుట్టింటి ఆనవాయితీ ఏమిటంటే, పెళ్లి పసుపు దంచేటప్పుడు ఆ ఇంటి అక్కచెల్లెళ్లు పాడాలి. పెద్దది ఎత్తుకోవాలి, చిన్నవాళ్లు అందుకోవాలి. పెద్దది ఎత్తుకోనిదే రోకలి కిందికి దిగదు. మా అక్కకూ చెల్లెలికీ తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. కారణం మా అమ్మ తిరగలి. నేను పెద్దదాన్ని, నాదంటుంది అక్క. చివరిదాకా అమ్మను చూసుకున్నది నేను, నాదంటుంది చెల్లెలు. ఇంతకూ ఆ తిరగలి బనగానపల్లెలో చెల్లెలి పెరట్లో బోర్లా పడి ఉంది. దాని మీద కోళ్లు కూర్చుంటాయి. ఇద్దరి ఇళ్లలోనూ మిక్సీలున్నాయి.

ఒకళ్ల ముఖం ఒకళ్లు చూడకుండా కలిసి పాడించే మిషను ఇంట్లో ఉంటే ఎవరు ఊరుకుంటారు? ముందు అక్కను పిలిపించాను. టేపును రాసుకుంటూ పలికించే హెడ్డు ఒక పక్క అరిగింది, మూడో సాలు అన్నిటికంటే బాగా పలుకుతుందని ఆయన అక్క గొంతు అందులో పెట్టాడు. ఆ ముందుచూపే మా కొంప ముంచింది. అక్క కళ్లు మూసుకొని, తొడ మీద తాళం వేస్తూ, ఒక్క మాట తడబడకుండా పాడింది.

మరుసటి వారం చెల్లెలు వచ్చింది. చెవులకు గిన్నెల్లాంటి హెడ్‌ఫోన్లు తగిలించి అక్క పాట వినిపిస్తే ఒక్క ఊపున పీకి కింద పెట్టింది.

“ఏంది బావా ఇది! అది నా చెవిలోకి దూరి పాడతాండాది.”

“దూరకపోతే నువ్వు అందుకునేది ఎట్లమ్మా?”

“కొంచెం తగ్గించు దాన్ని. తొమ్మిదేండ్ల నుంచి దాని గొంతు వినకుండా సల్లగుండా.”

తగ్గించాడు. చెల్లెలికి తాళం తప్పింది. మళ్లీ తప్పింది. మూడోసారి తనే చెయ్యి చాపి మీట పైకి జరుపుకుంది. ఆయన చూడనట్టు టేపు వెనక్కి తిప్పాడు. ఏమన్నా అంటే లేచి బస్సెక్కుతుంది.

నా గొంతు ఒక సాలులో పడ్డాక నాలుగో సాలులో రోకటి దంపు కావాలన్నాడు. ఉత్త రోలు దంచమన్నాడు. ఉత్తగా చేతులు నొప్పి పెట్టుకోవడానికి నాకేం పిచ్చా? ఎండుమిరపకాయలు పోసి దంచాను. ఆ సాలులో దంపు కంటే తుమ్ములు ఎక్కువ.

పాట పూర్తయ్యాక ఆయన క్యాసెట్టు వీపున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్కు పలుకులు విరవబోయాడు. అవి విరిచేస్తే దాని మీద ఇంకేదీ ఎక్కదు. స్క్రూడ్రైవరు పట్టుకున్న చెయ్యి నేనే పట్టుకున్నాను. “బంగారం లాంటి క్యాసెట్టు, విరిస్తే మళ్లా పనికొస్తాదా?” అన్నాను. ఆయన ఆపాడు. నాకు భయపడి కాదు, విసిగి.

పోయిన నెల గుమ్మడికాయ వడియాలు పెట్టి మిద్దె మీద ఆరబోశాను. కోతుల కాపలా నావల్ల కాలేదు. పాత టేపురికార్డరు ఒకటి మిద్దె మీద పెట్టి, నా అరుపులే అది అరిస్తే నేను నీడన కూర్చోవచ్చు కదా అనుకున్నాను. క్యాసెట్టు కోసం వెతికితే ఇదే దొరికింది. ఒక వైపు పాట ఉంది, రెండో వైపు ఖాళీగా పడుంది. అట్లా అనుకున్నాను. వెనక్కి కూడా తిప్పకుండా, పాట అయిపోయిన చోటే బోర్లా పెట్టి అరిచాను. వానరానికి తగిన తిట్లన్నీ తిట్టాను. గొంతు నొప్పి పుట్టి ఆపేశాను. కోతులు ఒకరోజు భయపడ్డాయి. రెండో రోజు ఆ టేపురికార్డరు పక్కనే కూర్చొని తిన్నాయి.

మామూలు క్యాసెట్టులో రెండు సాళ్లు పోతాయి, రెండు సాళ్లు తిరిగి వస్తాయి. ఈ మిషనులో నాలుగూ ఒకే దారిన పోతాయి. నేను ఖాళీ అనుకున్న వైపే మా అక్క సాలూ, రోకటి దంపు సాలూ ఉన్నాయి. పాట చివరి నుంచి మొదటికి, వెనక్కి దున్నుకుంటూ పోయాను.

ఇదంతా ఆ సాయంత్రం ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. అప్పటికే చెప్పాడా లేదా అన్నది వేరే తగాదా. అది ఇప్పటికీ తెగలేదు.

“ఇంగ తిరిగి రాదా?” అని అడిగాను.

“యాడ నుంచి వస్తాది? నీకు గొంతు నొప్పి పుట్టి ఆపినావు కాబట్టి మొదటి రెండు చరణాలు మిగిలినాయి. ఇంకొంచెం ఓపిక ఉండింటే అవీ పొయ్యేవి.”

మనవరాలు గుమ్మంలో నిలబడి అంతా వింది. “అవ్వా, ఆ అరిచేది నువ్వేనా? ఇంకోసారి పెట్టు తాతా” అని పొట్ట పట్టుకొని నవ్వింది. పెళ్లికూతురు కాకపోయి ఉంటే వీపు పగిలేది.

పొద్దున వచ్చే అక్కకు ఏం చెప్పాలన్నదే మిగిలింది. మిషను పాడైందని చెప్దామన్నాను. ఆయన మొదటిసారి తల ఎత్తి చూశాడు. “నా మిషను మీద అబద్ధం చెప్పొద్దు. దానికి ఏ రోగమూ లేదు.”

పొద్దున అక్క వచ్చింది. వసారాలో కుర్చీ వేశాం. చెల్లెలు రోలుకు అవతలి పక్కన, అక్క వైపు వీపు పెట్టి కూర్చుంది. జరిగింది అక్కకు నేనే చెప్పాను, కోతులతో సహా. అక్క ఎడమ చేత్తో మిషను చూపించింది, పెట్టమని.

అక్క గొంతు ఎత్తుకుంది. రోకలి కిందికి దిగింది. అక్క కుర్చీలో కదలకుండా విన్నది. రెండు చరణాలు అయ్యాయి. నా కోతుల తిట్లు తలకిందులుగా మొదలయ్యాయి. ఆడవాళ్లంతా రోకళ్లు ఆపి నవ్వారు. అక్క ముఖం ఎడమ సగం నవ్వింది. మా ఆయన ఆ రెండు సాళ్ల మీటలు కిందికి లాగేశాడు. ఇక టేపులో నా గొంతూ చెల్లెలి గొంతూ మాత్రమే ఉన్నాయి, ఎవరూ ఎత్తుకోని చరణాన్ని అందుకోవడానికి సిద్ధంగా.

చెల్లెలు వీపు తిప్పకుండానే అక్క చరణం ఎత్తుకుంది. సగంలో ఒక మాట తప్పు పాడింది. అక్క ఎడమ చేత్తో కుర్చీ చెయ్యి మీద ఠపీమని కొట్టింది. చెల్లెలు అటు తిరిగింది.

“ఏందక్కా, తప్పా?”

అక్క తల ఊపింది. చెల్లెలు మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఇంకో రెండుసార్లు కుర్చీ మోగింది. పసుపు మెత్తగా దంచేదాకా అట్లాగే సాగింది.

తర్వాత అక్క సైగ చేసి ఆ రెండు చరణాలూ నాలుగుసార్లు పెట్టించుకుంది. వాటిని మామూలు క్యాసెట్టులోకి ఎక్కించి ఇస్తానని మా ఆయన చెప్పాడు. చెల్లెలు చేతులు కడుక్కుంటూ నాతో మెల్లగా అంది, “తిరగలి మాత్రం ఇయ్యను, ఆమెకు చెప్పు.”

“నువ్వే చెప్పు. ఇప్పుడు మాటలున్నాయి కదా” అన్నాను.

నేను అడకత్తెర తెచ్చి, ఆ క్యాసెట్టు వీపున ఉన్న రెండు పలుకులూ నా చేత్తోనే విరిచాను. మిద్దె మీది వడియాలను కోతులు తినేసి అప్పటికే నెలయింది.