తెలుగు బైబిలు మీద రాణిగారికి ప్రమాణం

ఈ రోజు మా ఆవిడ సుగుణ బర్ దుబాయ్‌లోని కాన్సులేట్‌లో బ్రిటిష్ పౌరసత్వం కోసం ప్రమాణం చేసింది. నేను ఇంగ్లండులో ఉద్యోగం చేసేటప్పుడే తీసుకున్నాను. ఇక్కడి ఆసుపత్రిలో నర్సైన తను మాత్రం ఇన్నాళ్ళూ వద్దంటూ వచ్చి, పిల్లల చదువుల కోసం ఒప్పుకుంది.

అక్కడి తెల్ల అధికారి మర్యాదగా ఇంగ్లీషు బైబిలు ముందుకు జరిపాడు. సుగుణ దాన్ని పక్కన పెట్టి, సంచిలోంచి తన తెలుగు బైబిలు తీసింది.

"దాని మీదైతే ఒట్టేసినట్టుండదండి. రేపు తప్పినా తప్పుతాను," అంది నాతో తెలుగులో.

"ఏమంటున్నారు?" అన్నాడాయన.

"అది వాళ్ళ అమ్మగారి గుర్తట," అన్నాను ఇంగ్లీషులో. నిజానికి అది మా పెళ్ళికి పాస్టరుగారిచ్చింది.

ఆయన తలూపాడు. రాణిగారికి విధేయంగా ఉంటానని సుగుణ చదివింది. తిరుగుదారిలో ఊరి మధ్య కాలువ దాటే పడవెక్కాక, బైబిలు ఒళ్ళో పెట్టుకుని మొహం అటు తిప్పుకుని కూర్చుంది.

"ఏం దొరసానిగారూ, మాతో పలకరా?" అన్నాను.

"బైబిలు ముందర అబద్ధమాడింది మీరు. ఒట్టేమో నాచేత వేయించారు. బాగుందండీ న్యాయం," అంది.

ఇంటికొచ్చి గంటైనా పొయ్యి ఇంకా వెలగలేదు. తప్పు నాదేనంటారా?