తువ్వాలు కింద గుండెకాయ

కాస్త సర్దుకుని కూర్చోండి, నా పరువు నేనే తీసుకోబోతున్నాను. ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన కొత్తలో, పులివెందుల సంతలో నన్ను నిలువునా ముంచింది దొంగా కాదు, దళారీ కాదు. నా సొంత గుండె.

ప్రొద్దుటూరులో మాది నూనె అంగడి. నా ముఖం చూసి మనసు కనిపెట్టడం కంటే, ఇనప్పెట్టె తలుపు చూసి లోపలి సరుకు చెప్పడం తేలిక. గుండెకు మాత్రం ఆ విద్య అబ్బలేదు. ఉన్నట్టుండి, ఏ కారణమూ లేకుండా, తాడు తెంచుకున్న కోడెలా పరుగెత్తేది. గొంతులో దడ, కళ్ల ముందు మసక. కాసేపటికి టక్కున ఆగి, ఏమీ ఎరగనట్టు మామూలు నడకలో పడేది.

జమ్మలమడుగు డాక్టరు, "అది వచ్చినప్పుడు ఊపిరి బిగబట్టి గట్టిగా ముక్కి చూడు. లొంగకపోతే చల్లటి నీళ్లలో ముఖం ముంచు. ఇంట్లో అందరికీ చెప్పి ఉంచు" అన్నాడు. మొదటి రెండూ నేర్చుకున్నాను, మూడోది దాచాను. పుచ్చు ఉందని చెప్పి వంకాయ అమ్మేవాడిని మీరెక్కడైనా చూశారా?

ఇంతలో గానుగకు ఎద్దు కావలసి వచ్చింది. "ఈసారి నువ్వే పోయి బేరం చేసుకోని రా. నెగ్గితే ఇంక కొనుగోళ్లన్నీ నీవే" అన్నాడు నాయన.

సంతలో ఓబన్న అనే ముసలి రైతు ఎద్దు నచ్చింది. పశువుల బేరం నోటితో సాగదు. చేతుల మీద తువ్వాలు కప్పి, పక్కవాడికి తెలియకుండా వేళ్లు పట్టుకుని ధర చెప్పుకోవాలి. ఓబన్న నా వేళ్లు పట్టుకున్నాడు. అతని బొటనవేలు నా మణికట్టు మీద ఆనింది. సరిగ్గా అప్పుడే గుండె పరుగు లంకించుకుంది.

"శానా ఎక్కువ మామా. నాకు అక్కరలే" అన్నాను, ఆవలిస్తూ.

"నోరు వద్దంటాంది, నరం కావాలంటాంది గదప్పా!"

"ఎండకు అట్ల కొట్టుకుంటాంది."

"నా ఎద్దును చూసినోళ్లందరికీ అదే ఎండ."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఒంటిదొంగను ఓబన్న పట్టేశాడు. ఊపిరి బిగబట్టి ముక్కాను. చెంపలు బూరెల్లా ఉబ్బాయి.

"అంత బిగబట్టుకోని యాడికి పోతావు? ఒప్పుకో."

చెయ్యి విడిపించుకుని, ఎద్దు తాగుతున్న తొట్టిలోనే తల ముంచాను. ఎద్దు తాగడం మానేసి, తన కర్మ ఇంతేనా అన్నట్టు చూసింది. లోపల ఒక్క కుదుపు, గుండె దారికొచ్చింది. నీళ్లు కారుతూ, విజయగర్వంతో చెయ్యి మళ్లీ తువ్వాలు కిందికి తోశాను.

"ఇప్పుడు చూడు మామా! ఏమన్నా ఆశ ఉందా?"

ఓబన్న పట్టి పట్టి చూశాడు. "నిమ్మళించింది. కొనల్లని తీర్మానం చేసుకున్నోనికే ఇంత నిమ్మళం వచ్చేది. దుడ్లు తియ్యి."

"అది జబ్బు మామా! డాక్టరు గూడా చెప్పినాడు!"

"ముందే చెప్పింటే నమ్మేవాణ్ణి. ధర కాడ పుట్టే జబ్బులు శానా చూసినాలే."

ఉత్త చేతులతో పోతే పెత్తనం పోతుంది. అడిగినంతా ఇచ్చి ఎద్దును తోలుకొచ్చాను.

నాయన అంతా విని, నా మణికట్టు పట్టుకున్నాడు. ముఖం నల్లబడింది. "నాతో గూడా చెప్పకపోతివేమిరా?" అన్నాడు. ఎంతైనా వ్యాపారి కదా, వెంటనే తేరుకున్నాడు. "ఎద్దును చూస్తేనే ఇంత దడ. వచ్చే వారం పిల్లను చూడ్డానికి పోతాండాం. ఆ ఇంట్లో నీళ్లతొట్టి యాడుందో ముందే కనుక్కుంటా."

గండి ఆంజనేయస్వామి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీద జబ్బు ముందు చెప్తాను, ధర తర్వాత అడుగుతాను. నా మణికట్టు ఇంకొకరి చేతిలో ఉండగా, ఆ చెయ్యి డాక్టరుదైనా సరే, బేరం మాట ఎత్తను గాక ఎత్తను.