బొటనవేలికి కట్టిన పేలిక

మిరపచేలో దిగేముందు నజ్మీన్ కుడిచేతి బొటనవేలికి పాతచీర పేలిక చుట్టుకుంటుంది.

"ఏమే నజ్మీనూ, కొత్త పెళ్లికూతురికి మల్లే ఆ వేలికి ముసుగేందే?" అని కూలి ముఠాలో ఆడవాళ్లు నవ్వుతారు. ముఠా పెద్ద హనుమాయమ్మ మాత్రం నవ్వదు. ఆ వేలి సంగతి ఆమెకు తెలుసు.

మొన్న వానాకాలం దాకా నజ్మీన్ మార్టూరులో కంప్యూటర్ ముందు కూర్చునేది. రాళ్లు పాలిష్ పట్టే షెడ్డు పక్కన మేడమీద ఆఫీసు. ఎక్కడో దూరదేశపు రోడ్ల బొమ్మలు తెరమీదికి వస్తాయి. ఇది మనిషి, ఇది లారీ అని చుట్టూ గీతలు గీసి యంత్రానికి నేర్పడం పని. తలుపు దగ్గరి మిషన్‌మీద బొటనవేలు పెడితేనే లోపలికి దారి. పక్కకుర్చీ మాధురిది. ముందు వచ్చినవాళ్లు రెండోవాళ్ల కుర్చీమీది రాతిపొడి కూడా తుడిచిపెట్టేవాళ్లు. నజ్మీన్ "బిస్మిల్లా" అనుకుని మౌస్ పట్టుకుంటే, మాధురి కోటప్పకొండ స్వామికి దణ్ణం పెట్టుకునేది.

ఒకరోజు పని మధ్యలో చలిజ్వరం వచ్చి మాధురి తల ఎత్తలేకపోయింది. నజ్మీన్ తన పని ముగించుకుని, ఆమె కుర్చీలో కూర్చుని మిగిలిన బొమ్మలు పూర్తిచేసింది. మిరపకోతల్లో పెరిగిన పిల్ల. మన సాలు అయిపోయాక, వెనకబడ్డదాని సాలును అవతలి కొసనుంచి అందుకోవడం అక్కడి మర్యాద. అందులో తప్పుంటుందని ఆమెకు తోచనే లేదు.

ఒకరి పేరుమీద ఇంకొకరు పనిచేస్తే కంపెనీ లెక్కలో అది మోసం. మర్నాడు ఇద్దరి వేళ్లకూ తలుపు తెరుచుకోలేదు.

"నా చేతుల్లో ఏం లేదమ్మా, పైనుంచి వచ్చింది," అన్నాడు సూపర్‌వైజర్ త్రినాథ్.

"పైన ఎవరున్నారండీ? నీళ్ల ట్యాంకేగా!" అంది హనుమాయమ్మ కూతురు శ్రీరమ్య. ఆమె పనిచేసేదీ అక్కడే. "మా అమ్మ ముఠాలో ఒకదాన్ని రైతు వద్దంటే ఎవ్వరూ చేలో దిగరు, గట్టుమీదే కూర్చుంటారు. మేమూ ఈ మెట్లమీదే కూర్చుంటాం."

అందరూ కూర్చున్నారు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇన్నాళ్లూ పక్కపక్కనే బతికినవాళ్లు, ఒకరి ఊరు ఒకరు తెలుసుకున్నది అప్పుడే. వాళ్ల సంఘం పుట్టిందీ ఆ మెట్లమీదే. మధ్యాహ్నం త్రినాథ్ మంచినీళ్ల క్యాను తానే మోసుకొచ్చి పెట్టి వెళ్లిపోయాడు. పాపం, అతనికి చేతనైంది అది.

కొన్నాళ్లకు మాధురికి తలుపు తెరిచారు. వేరొకరి పేరుమీద పనిచేసిన నజ్మీన్‌కు మాత్రం కుదరదన్నారు. ఇద్దరూ వస్తేనే లోపలికొస్తామని ఆడపిల్లలు భీష్మించారు. నజ్మీనే వాళ్ల చేతులు పట్టుకుంది.

"ఇట్టా కూర్చుంటే మీ ఇళ్లల్లో పొయ్యి ఎట్టా వెలుగుద్దక్కా? లోపలికెళ్లి అడగండి. నేనెక్కడికి పోతాను?"

వెళ్లారు. అడుగుతూనే ఉన్నారు.

నజ్మీన్ మళ్లీ మిరపకోతకు వచ్చింది. చేను ఆమెకు కొత్తేం కాదు. అయినా అన్నం వేళకు గట్టుమీద క్యారేజీ విప్పితే, గోంగూర ముద్ద అడక్కుండా పెట్టే మాధురి చెయ్యి గుర్తొస్తుంది. ఆటో మార్టూరు దాటేటప్పుడు మెడ దానంతటదే మేడ కిటికీ వైపు తిరుగుతుంది. తొడిమలు తెంపీ తెంపీ అరిగిన హనుమాయమ్మ వేలిముద్ర రేషన్ మిషన్‌లో పడకపోవడం ఆమె చూసింది. రేపు ఆ తలుపు పిలిస్తే తన వేలు పడాలి. అందుకే ఆ పేలిక.

మొన్న ఆదివారం నజ్మీన్ వంగి కోస్తుంటే, సాలు అవతలి కొసన ఎవరో వంగారు. మాధురి! వెనకే శ్రీరమ్య, ఆఫీసు పిల్లలందరూ తలో సాలు పట్టారు.

"మెల్లగా కోయండే తల్లుల్లారా! కాయలతో పాటు కొమ్మలూ విరిచేట్టున్నారు!" అని హనుమాయమ్మ కేకలేసింది.

సాలు మధ్యలో ఇద్దరూ కలిశారు. నజ్మీన్ కళ్లతోనే అడిగింది.

"ఇంకా ఒప్పుకోలేదే," అంది మాధురి. "రేపు మళ్లీ అడుగుతాం."

"నా కుర్చీ?"

"ఎవర్నీ కూర్చోనివ్వలా. రోజూ తుడుస్తున్నా."

చెమటకు పేలిక జారిపోయి ఉంది. మాధురి దాన్ని విప్పి, ఆ వేలికి అంటిన ఘాటును చున్నీ కొసతో తుడిచి, మళ్లీ గట్టిగా కట్టింది.