కారు రేసుకు హెల్మెట్ కొన్నాం

నలభై దాటాక కారు నేర్చుకున్నాను. యూనివర్సిటీలో వృక్షశాస్త్రం చెబుతాను. తార్నాకలో ఇల్లు. డిపార్ట్‌మెంటుకు వెళ్ళడానికి రోజూ ఆటోలతో బేరమాడి విసిగిపోయి, క్యాంపస్ రోడ్ల మీదే స్టీరింగ్ పట్టాను. సెలవు రోజు ఉదయం ఆ రోడ్లు ఖాళీగా ఉంటాయి. నెమళ్ళు అడ్డం వస్తాయి తప్ప మనుషులు రారు. చెయ్యి కాస్త కుదిరాక, పనేమీ లేకపోయినా కారు తీయాలనిపించేది. ఉప్పు ప్యాకెట్టు కోసం మల్కాజ్‌గిరి దాకా వెళ్ళొచ్చిన రోజులున్నాయి.

నా పిచ్చిని ముందు కనిపెట్టింది ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే స్నేహితురాలు. వరంగల్ పక్క పల్లెటూరి మనిషి, నాకంటే బాగా చిన్నది. ఆమె విద్యార్థులు సొంతంగా ఒక చిన్న రేసు కారు తయారు చేసుకుంటున్నారు. ఒక ఆదివారం వాళ్ళు మైదానంలో ప్లాస్టిక్ కోన్లు నిలబెట్టి, వాటి మధ్య నుంచి కార్లు మెలికలు తిప్పుతుంటే చూడటానికి వెళ్ళాను. "మీరూ ఒక రౌండ్ కొట్టుండ్రి మేడం" అంది. కొట్టాను. ఒక్క కోను కూడా పడలేదు. కారు దిగిన నా మొహం చూసి ఆమె చాలాసేపు నవ్వింది. ఊరి బయట ట్రాక్ మీద, మాలాంటి సరదా మనుషులు సొంత కార్లతో ఒక్కొక్కరుగా టైము మీద పరుగెత్తించే పోటీ ఒకటి ఉందని, పేరిమ్మని చెప్పింది. ఆలోచించకుండా ఇచ్చేశాను.

ఆలోచించాల్సింది ఇంటికి వచ్చాక. మావారిది కాకినాడ. బ్యాంకులో ఉద్యోగం. కారు వేగం నలభై దాటితే, వెనక సీట్లో కూర్చుని ఉన్నా సరే, ఆయన కాలు అక్కడ లేని బ్రేకును తొక్కుతుంది. సంగతి చెప్పాను. వద్దనలేదు. తలవంచుకుని అన్నం కలుపుకున్నారు. మజ్జిగ దగ్గర తలెత్తి, హెల్మెట్ పెట్టుకుంటారా అందులో అని అడిగారు. పెట్టుకోవాలి, మన స్కూటర్ది ఉందిగా అన్నాను.

మర్నాడు ఆ స్కూటర్ హెల్మెట్‌ను స్నేహితురాలికి చూపించాను. దాన్ని ఒకసారి తిప్పి చూసి నా చేతిలోనే పెట్టింది. "గిది బండికి మేడం. కారుకు పనికిరాదు."

ఎందుకో విడమరిచి చెప్పింది. బండి మీద నుంచి పడితే తల రోడ్డుకు తగులుతుంది. రేసు కారు లోపల ఉక్కు గొట్టాలు బిగించి ఉంటాయి, తల ఒకే చోట మళ్ళీ మళ్ళీ వాటికి కొట్టుకోవచ్చు. నిప్పు భయం ఒకటి ఉంది, అందుకని కారు హెల్మెట్ లోపలి గుడ్డ తొందరగా అంటుకోని రకం వేస్తారు. నా కారులో గొట్టాలు లేకపోయినా పోటీవాళ్ళ నియమం అందరికీ ఒకటే. ఏ పరీక్షకు నిలబడిందో చెప్పే చీటీ లోపల అతికించి ఉంటుంది. అది కార్లదా, బండ్లదా అన్నది ముందు చూడాలి. రంగు ఆఖరికి చూడాలి. ఇంట్లో ఇదంతా చెప్పాను, నిప్పు మాట తప్ప.

ముషీరాబాద్‌లో రైడర్ల సామాను అమ్మే షాపుకు స్నేహితురాలూ నేనూ వెళ్ళాం. యజమాని నెరిసిన గడ్డం పెద్దాయన. కారు హెల్మెట్లు వెనక ఒక అరలో నాలుగే ఉన్నాయి. కనుబొమ్మల మీదుగా టేపు చుట్టి కొలత తీస్తూ, జుట్టు ముడి విప్పాలన్నాడు. ఇన్నేళ్ళలో నేను ముడి లేకుండా గడప దాటింది లేదు. షాపు మధ్యలో నిలబడి పిన్నులన్నీ పీకి, మెడ దగ్గర వదులుగా జడ అల్లుకున్నాను. నా కళ్ళు అప్పటికే ఎర్ర హెల్మెట్ మీద ఉన్నాయి. పెట్టుకుంటే చక్కగా జారింది. హాయిగా ఉందన్నాను.

"హాయిగ ఉంటే లూజ్ ఉన్నట్టు మేడం. బుగ్గలు నొక్కాలె" అన్నాడు పెద్దాయన. హెల్మెట్‌ను రెండు చేతులతో కదలకుండా పట్టుకుని, తల పక్కకు తిప్పమన్నాడు. నా తల తిరిగింది, హెల్మెట్ తిరగలేదు. నా ముందు కాసేపు చీకటి, బయట నుంచి స్నేహితురాలి నవ్వు.

ఒక సైజు తగ్గించి తెల్లది ఇచ్చాడు. పట్టీలు రెండు పక్కలకు లాగి పట్టుకుని దూర్చితే చెవులు మడతపడి, తర్వాత సర్దుకున్నాయి. అద్దంలో నోటినిండా బజ్జీ కుక్కుకున్నట్టున్నాను. నా కళ్ళజోడు అందులో దూరలేదు. చెవుల మీద ఆనే దాని కొమ్మలు వంపుగా ఉన్నాయి, తిన్నగా ఉండేవి చేయించుకోవాలన్నాడు. ఇంటికి తీసుకెళ్ళి అరగంట పెట్టుకుని చూడమని, ఎక్కడ నొప్పెట్టినా వెనక్కి తెమ్మని చెప్పాడు. పైనున్న ప్లాస్టిక్ పొర మాత్రం తీయవద్దన్నాడు.

అరగంట ఊరికే కూర్చోవడం ఎందుకని హెల్మెట్‌తోనే దొండకాయ వేపుడు మొదలుపెట్టాను. పై వాటా ఆవిడ కరివేపాకు కోసం వచ్చింది. నన్ను చూసి ఒక క్షణం ఆగి, నూనె చిట్లకుండానా అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపే మంచి ఉపాయమని మెచ్చుకుని, కరివేపాకు తీసుకుని వెళ్ళిపోయింది. మావారు బ్యాంకు నుంచి వచ్చి వంటింటి గుమ్మంలో చాలాసేపు నిలబడ్డారు.  హెల్మెట్ తీశాక నన్ను ట్యూబ్‌లైటు కిందకి తీసుకెళ్ళారు. నుదుటి మీద రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ.

"నొప్పిగా ఉందా?" అన్నారు, వేలితో తాకుతూ.

కాస్తే, వాడగా వాడగా సర్దుకుంటుందిలే అన్నాను.

"అక్కడ ఆ వేగంలో నీ ధ్యాస రోడ్డు మీద ఉండాలి గానీ నుదుటి మీద కాదు. రేపు నేను కూడా వస్తాను."

పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆయన నాకోసం ఒక షాపుకు తనంతట తాను బయల్దేరడం అదే మొదలు. చీరల షాపుల్లో బయట బల్ల మీద కూర్చునే మనిషి, అక్కడ కౌంటరు మీదకు వంగిపోయి, ప్రతి హెల్మెట్ లోపలి చీటీనీ లోన్ కాగితాలు చదివినట్టు చదివారు. ఏ ఏడు తయారైంది, మెడకు ఆసరా బిగించే మరలకు చోటుందా, పట్టీ ఎలా ముడివేయాలి, అన్నీ అడిగారు. పెద్దాయనకు హుషారొచ్చింది. నా తల ముందు నుంచి వెనక్కి పొడుగు, తెల్లది గుండ్రటి తలల కోసం పోసిన మూస, అందుకే నుదురు నొక్కుతోందని తేల్చాడు. అదే సైజులో వేరే మూసది తీశాడు. బూడిద రంగు. పెట్టుకోగానే తేడా తెలిసింది. బిగుతు తలంతా సమంగా ఉంది, ఎక్కడా పొడవడం లేదు. మావారు నా వెనక్కి వచ్చి దాన్ని కింది నుంచి పైకి లాగారు, ఊడివస్తుందేమోనని. ఊడలేదు. నేనే రెండడుగులు ముందుకు తూలాను.

తర్వాత ఆయన, లోపల నుంచి ఎంత కనబడుతుందో చూడాలంటూ, ఇంకొకటి తన తలకు పెట్టుకున్నారు. అద్దం ముందు అటూ ఇటూ తిరుగుతూ చాలాసేపు తీయలేదు. ఎలా ఉందని అడిగాను.

"భలే ప్రశాంతంగా ఉందోయ్" అన్నారు లోపల నుంచి.

తార్నాకలో కళ్ళజోళ్ళ షాపులో నేను హెల్మెట్ పెట్టుకుని స్టూలు మీద కూర్చుంటే, షాపతను కిటికీలోంచి చెయ్యి పెట్టినట్టు పెట్టి ఫ్రేములు దూర్చి చూశాడు. తిన్నని కొమ్మలున్నది చివరికి ఇబ్బంది లేకుండా దూరింది. ఈసారి అరగంట పరీక్ష డిపార్ట్‌మెంటు ముందు, ఆపి ఉంచిన కారులో పెట్టుకున్నాను. పిల్లలు ఎప్పటిలాగే నమస్తే మేడం అంటూ వెళ్ళారు. నుదుటి మీద మచ్చ రాలేదు.

పోటీ రోజు పొద్దున ట్రాక్ దగ్గర హెల్మెట్లు తనిఖీ చేసేవాళ్ళు చీటీ చూసి, పట్టీ లాగి, సరే అన్నారు. నా వంతు వచ్చింది. జెండా కిందికి దిగింది. హెల్మెట్ లోపల నా ఊపిరి నాకే పెద్దగా వినిపిస్తోంది. మొదటి మలుపు జాగ్రత్తగా తిప్పాను. రెండో మలుపులో కారు వెనక భాగం కొంచెం జారి, మళ్ళీ నా చేతికి వచ్చింది. అంతే, నవ్వడం మొదలుపెట్టాను. ట్రాక్ అయ్యేదాకా ఆ నవ్వు ఆగలేదు. అంత బిగుతులో బుగ్గలకు నవ్వే చోటెక్కడిదో నాకు తెలియదు. కళ్ళజోడు మసకబారింది, హెల్మెట్ అద్దం కొంచెం ఎత్తుకుని నడిపాను.

ఫలితాల పట్టికలో నా పేరు కింది నుంచి వెతికితే తొందరగా దొరికే చోట ఉంది. కొత్త కారులో వచ్చిన ఒక కుర్రవాడు నా కింద ఉన్నాడు. స్నేహితురాలు పరుగెత్తుకొచ్చి నన్ను కౌగిలించుకుని, "మస్తు నడిపిన్రు మేడం" అంది. మావారు కంచె పక్కన మంచినీళ్ళ సీసా పట్టుకుని నిలబడి ఉన్నారు. చెమటతో చొక్కా తడిసిపోయింది. ఇకమీదట వద్దంటారేమోనని మెల్లగా దగ్గరికి వెళ్ళాను.

సీసా ఇచ్చి, నేను తాగేదాకా ఆగారు. "మూడో మలుపులో అంత నెమ్మదించావేం? అక్కడ బోలెడు చోటుంది" అన్నారు.

స్నేహితురాలు నవ్వు దాచుకోవడానికి మొహం అటు తిప్పుకుంది. ఆయన పొద్దుటి నుంచీ అక్కడే నిలబడి, వచ్చిన ప్రతి కారూ ఆ మలుపు ఎలా తిరిగిందో చూశారట. ఒకరిద్దరు డ్రైవర్లతో మాట్లాడారు కూడా.

మధ్యాహ్నం, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని నెమ్మదిగా ట్రాక్ చుట్టి రావచ్చని ప్రకటించారు. స్నేహితురాలి హెల్మెట్ ఆయన తలకు పట్టింది. బెల్టు తానే రెండుసార్లు లాగి చూసుకుని కూర్చున్నారు. మూడో మలుపు వచ్చింది. ఆయన చెయ్యి ఎత్తి, ఎక్కడ తిరగాలో ముందే చూపించారు. చూపించిన చోటే తిప్పాను. కారు సాఫీగా, ఎక్కడా జారకుండా బయటికి వచ్చింది.

"చూశావా" అన్నారు.

తిరిగొచ్చాక డిక్కీ తెరిచి, పులిహోర ముగ్గురం పంచుకుని తిన్నాం. వచ్చే పోటీ ఎప్పుడని నా స్నేహితురాలిని అడిగింది ఆయనే.